గొర్రెనాలుక మీద నారింజ రాయి

తెల్లవారుతుండగా లేచి చూసేసరికి, విమానాల్లో దిగేవాళ్ళూ లేచేవాళ్ళూ తమ ప్రాణాలు ఆనించుకునే నారింజ రాయి తన చోట లేదు.

మాయమైపోలేదు. ఉంది. తన చోట మాత్రం లేదు.

మొదట నిద్రమత్తు అనుకున్నాను. ఎడారిలో పొద్దు పొడిచేవేళ కళ్ళు అబద్ధాలాడతాయి. దగ్గరున్న పొద దూరంగా జరుగుతుంది. ఎక్కడో ఉన్న కొండ చెయ్యి చాపితే అందేలా వచ్చి కూర్చుంటుంది. రాత్రి చలికి బిగుసుకున్న ఎర్రమట్టి మీద నా బూట్ల చప్పుడు ఇంకెవరిదో అన్నట్టు వింటూ నడిచాను. చేతిలో వేడి చాక్లెట్ పాలు. వాటి ఆవిరి నాకంటే ఒక అడుగు ముందు నడుస్తోంది.

రాయి పక్కకి వెళ్ళి నిలబడి, ఎడమకి తిరిగాను.

కిటికీ కనబడలేదు.

అప్పుడు మత్తు వదిలింది.

మేం గొర్రెనాలుక అని పిలుచుకునే ఈ నేలపట్టీ, కొండ నోరు తెరిచి నాలుక బయటపెట్టినట్టు నది మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. నాలుక కొన దగ్గర నేల తెగిపోతుంది. నది ఎంతో కింద ఉంటుంది. నాలుక మొదట్లో ఎర్రటి రాతిగోడ. కాబట్టి విమానం దిగితే నదివైపు నుంచి గోడవైపుకి దిగాలి. లేస్తే గోడ దగ్గర మొదలుపెట్టి నదివైపుకి లేవాలి. ఇంకో దారి లేదు.

నడుమన నారింజ రంగు వేసిన రాయి. లేచేవాడికి అది ఒక మాట చెబుతుంది: నన్ను చేరేసరికి చాలినంత వేగం రాకపోతే బ్రేకులు వెయ్యి, ఆగిపో. దిగేవాడికి ఇంకో మాట చెబుతుంది: నన్ను చేరేసరికి నీ చక్రాలు నేలని తాకకపోతే ఇంజన్‌కి బలమంతా ఇచ్చి పక్కకొండల మధ్య ఉన్న సందులోంచి బయటపడు. ఆ సందునే మేం కిటికీ అంటాం. రాయిని దాటితే కిటికీ వెనకబడుతుంది. ఇక ముందున్నది గోడ ఒక్కటే.

రాయి పక్కన నిలబడితే కిటికీ ఎదురుగా ఉండాలి. నా ఎదురుగా ఉన్నది కొండ.

రాయి గోడవైపుకి జరిగింది. బాగా జరిగింది.

ఈడ్చిన గీత కోసం వెతికాను. లేదు. జునిపర్ చెట్టు కొమ్మతో ఎవరో నేలని ఊడ్చేశారు. గాలి ఇసుకని దువ్వినంత మెత్తగా, ముద్దొచ్చేలా ఊడ్చారు. నదివైపు దిగువకి నడిస్తే పాత చోటు కనబడింది. గుండ్రటి పల్లం. అందులో తెల్లటి చిన్న పురుగులు, కప్పు లేచిపోయిన ఇంట్లో మనుషుల్లా, వెలుతుర్లో దారి తెలియక తిరుగుతున్నాయి.

మనిషి చేసిన పనే. ఆ మనిషి ఈ పట్టీ మీదే ఉన్నాడు. ఎందుకంటే ఇక్కడికి రోడ్డు లేదు.

రాత్రి ఇక్కడ పడుకున్నది నలుగురం. నేను, నా తమ్ముడు ఎల్డన్, వాడి కూతురు కెజియా, మేం వచ్చేసరికే దిగి ఉన్న, మా యూటాకి పక్క రాష్ట్రమైన ఐడహో మనిషి గ్రేడీ. పని మీద వచ్చినవాళ్ళం ఎవరం కాదు. గొర్రెనాలుక మీద ఎవరికీ ఏ పనీ ఉండదు. శుక్రవారం సాయంత్రం ఊళ్ళో విమానం ఎక్కి, ఎడారి మీద నీడని తరుముకుంటూ వచ్చి, ఇక్కడ దిగి, రెక్క కింద పడుకుని చుక్కలు చూస్తాం. ఆదివారం ప్రార్థనకి అందేలా ఇళ్ళకి వెళ్ళిపోతాం. అంతే.

అయితే ఈ శనివారం కెజియాది. గొర్రెనాలుక మీంచి ఒంటరిగా లేస్తేనే మా ఎగిరేవాళ్ళలో ఒకరి కింద లెక్క. ఎల్డన్ అలా లేచిన రోజే మా నాన్న తన పసుపు విమానం తాళం వాడి చేతిలో పెట్టాడు. ఇవాళ కెజియా లేస్తే ఆ తాళం ఆమెది. నిరుడు వసంతంలో ఒకసారి ప్రయత్నించింది. రాయి దగ్గరికి వచ్చేసరికి వేగం చాలలేదు. ఆపేసింది. వెనక్కి వచ్చి దిగి ఏడుస్తుంటే అందరం చప్పట్లు కొట్టాం. మాలో ఆగినవాళ్ళకి ఉన్న గౌరవం లేచినవాళ్ళకి కూడా లేదు. కానీ రెండుసార్లు ఆగినవాళ్ళు మూడోసారి అడగరు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. అడగలేరు, అంతే.

ఆమె ఇవాళ చూసుకుని పరుగెత్తాల్సిన రాయిని ఎవరో జరిపేశారు.

* * *

గోడ నీడలో మూడు విమానాలు ఇంకా నిద్రలోనే ఉన్నట్టున్నాయి. గ్రేడీ పొయ్యి ముందు చతికిలబడి కాఫీ కాస్తున్నాడు. మా మతం కాఫీ వద్దంటుంది, మా ఇళ్ళల్లో ముట్టం. వాసన పీలుస్తాం. దానికి పాపం లేదు.

"ఒక్క గుక్క వేస్తారా నెడ్రా గారూ? దేవుడు ఇంకా లేవలేదు, చూడడు."

"ఆయన సంగతేమో గానీ నా మేనకోడలు లేచింది. ఊరంతా చాటింపు వేస్తుంది."

పసుపు రెక్క కింద నారింజ రంగు స్లీపింగ్ బ్యాగ్ కదిలింది. లోపల్నుంచి కెజియా గొంతు వచ్చింది. "వేస్తా అత్తా. ఫొటో తీసి మరీ వేస్తా."

నేను నవ్వలేదు. "రాయి ఎవరు జరిపారు?" అని అడిగాను.

గ్రేడీ గరిటె ఆగింది. కొంచెం అవతల ఎల్డన్ పసుపు విమానానికి కట్టిన తాళ్ళు విప్పుతున్నాడు. వాడు తిరగలేదు.

"ఏ రాయి?" అన్నాడు గ్రేడీ.

"ఇక్కడ మనం పేరు పెట్టి పిలిచే రాయి ఒక్కటే."

"జరిగిందా?" అన్నాడు ఎల్డన్, తాడుతోనే మాట్లాడుతున్నట్టు.

"జరిగింది. గోడవైపుకి."

"గోడవైపేగా" అన్నాడు వాడు. "అయితే నష్టం లేదులే. లేచేవాళ్ళు ఇంకాస్త ముందే ఆగుతారు, అంతే. మంచివైపే జరిగింది. కెజ్ పరుగు అయ్యాక సర్దుదాం."

కెజియా లేచి కూర్చుంది. జుట్టంతా ఒకవైపే ఉంది. "నా పరుగు అయ్యాకా? నాన్నా, ఆ రాయి చూసుకునే కదా నేను లేవాలి!"

గ్రేడీ మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసి చేతులు పైకెత్తాడు.

"ఇక నా వంతా? నా వైపు అలా చూడకండి."

చూడక ఏం చేస్తాం? నిన్న సాయంత్రం మంట దగ్గర కూర్చుని ఆ రాయిని వెక్కిరించింది అతనే. "మీ యూటా వాళ్ళకి కళ్ళు లేవా? రాయిని చూసుకుని ఎగరడమేంటి?" అన్నాడు. దానికి ఎల్డన్ మా నాన్న మాటే చెప్పాడు. "గోడని చూసేవాడు గోడకే వెళ్తాడు. గోడని చూడకు, రాయిని చూడు." మాకు చిన్నప్పటి నుంచీ అన్నంలో ఉప్పులా ఒంటబట్టిన మాట అది. దిగేటప్పుడు మేం గోడని చూడం. ఒట్టు. గోడ ఉందని కూడా అనుకోం.

"ఏమయ్యా, నిన్న ఆ రాయి అనవసరం అన్నది నువ్వే కదా?" అన్నాను.

"అన్నాను. అనవసరం అన్నాను, తేలిక అనలేదు." గ్రేడీ చొక్కా ఎత్తి నడుముకి కట్టుకున్న పట్టీ చూపించాడు. "బూటు లేసు కట్టుకోవాలంటేనే నేను దేవుణ్ణి తలుచుకోవాలి. ఆ రాయిని దొర్లించి ఉంటే ఇప్పుడు మీరు నన్ను దొర్లించుకుంటూ ఇంటికి తీసుకెళ్ళాలి."

కెజియాకి నవ్వొచ్చింది. మళ్ళీ ఆపుకుంది.

"పోనిద్దూ నెడ్రా" అన్నాడు ఎల్డన్. "పొద్దున్నే గొడవెందుకు? మంచివైపే కదా జరిగింది."

ఏటా ఆ రాయికి రంగు వేసేది వాడు. రంగు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంతదూరం ఎగిరొస్తాడు. పసిపిల్లకి స్నానం చేయించినట్టు రాయిని ముందు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు కుంచె ముంచుతాడు. ఆ మనిషి పోనిద్దూ అంటున్నాడు. అది నా చెవికి వింతగా తగిలింది. కానీ అప్పుడు నా మనసులో ఇంకేదో నలుగుతోంది. మంచివైపు. ఎవరికి మంచివైపు?

కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుని గొర్రెనాలుక మీదికి దిగాను.

నా విమానం నది మలుపు తిరిగింది. నీళ్ళ మీద ఆకాశం ముక్కలుగా పడి ఉంది. నాలుక కొన దాటాను. నేల కిందికి వచ్చింది. చక్రాలు ఇంకా తాకలేదు. ఫరవాలేదు, రాయి ఇంకా దూరంగా ఉంది. తేలుతున్నాను. హాయిగా ఉంది. రాయి ఇంకా దూరంగానే ఉంది, ఇంకా వ్యవధి ఉంది, ఇంకా ఉంది. ఎడమన ఏదో వెలుతురు మెరిసి వెనక్కి పోయింది. కిటికీ అది. రాయి ఇప్పుడు వచ్చింది. ఎడమకి తిప్పాను. ఎడమన కొండ. ఎదురుగా...

కళ్ళు తెరిచాను.

"ఎల్డన్, ఆర్వల్ ఎప్పుడు వస్తానన్నాడు?"

వాడు ఇప్పుడు తిరిగాడు. ముఖంలో రంగు లేదు.

"మధ్యాహ్నం" అన్నాడు. "భోజనాల వేళకి..."

వాడి మాట పూర్తి కాకముందే నది లోపల్నుంచి, చాలా కింద నుంచి, పెద్ద తుమ్మెద ఏదో సీసాలో తిరుగుతున్నట్టు ఒక చప్పుడు మొదలైంది.

* * *

ఆర్వల్ మా పక్క ఊరి గొర్రెల ఆసామి. డెబ్బై దాటాయి. విమానాన్ని నేలకి తాకించడానికి ఎప్పుడూ మొహమాటపడతాడు. అందరికంటే దూరం తేలి, రాయి దగ్గరికి వచ్చాకే చక్రాలు ఆనిస్తాడు. అతనికి ఆ రాయి అంటే అంత నమ్మకం.

నేను విమానంలోకి దూరి రేడియో అందుకున్నాను. "ఆర్వల్! దిగొద్దు! రాయి తప్పు! ఆర్వల్, రాయిని నమ్మొద్దు!" గరగర. నది మలుపులో రేడియోకి చెవులుండవు. అటు అతనికి నేను లేను, ఇటు నాకు అతను లేడు.

బయటికి వచ్చేసరికి ఎల్డన్ రాయి దగ్గరున్నాడు. మోకాళ్ళ మీద పడి, భుజం ఆనించి, దాన్ని దిగువకి తోస్తున్నాడు. రాయి ఒకసారి దొర్లింది. ఇంకోసారి దొర్లింది. అది చేరాల్సిన చోటు ఆ కనుచూపు కొసలో ఉంది. వాడు ఏదో అంటున్నాడు, రాయిని బతిమాలుతున్నట్టు. గ్రేడీ నడుం పట్టుకునే పరుగెత్తి తనూ ఒక చెయ్యి వేశాడు.

కెజియా మాత్రం రాయివైపు వెళ్ళలేదు.

ఆమె స్లీపింగ్ బ్యాగ్ లాక్కుని, వట్టికాళ్ళతో పట్టీ పక్కనే దిగువకి పరుగెత్తింది. ఎడారిలో ఎగిరేవాళ్ళం ఏది కొన్నా నారింజ రంగే కొంటాం. తప్పిపోతే వెతికేవాళ్ళకి పైనుంచి కనబడాలని. ఆ బ్యాగ్ ఆమె వెనక గాలికి తెరుచుకుని, మంటకి కాళ్ళొచ్చి పరుగెడుతున్నట్టు కనబడింది. నేను అరిచాను. ఏం అరిచానో నాకే తెలియదు.

నాలుక కొన మీదికి ఆర్వల్ విమానం తేలుతూ వచ్చింది. తెల్లటిది. ఎండ ఇంకా పట్టీ మీద పడలేదు గానీ దాని రెక్కల మీద పడింది. ఇంజన్ చప్పుడు తగ్గించేశాడు. అంత నెమ్మదిగా, అంత మెత్తగా వస్తుంటే, ఎవరో పక్క సర్దుతూ దుప్పటి విదిలించినట్టుంది. వెనకగాలి తోస్తోంది. చక్రాలు నేలకి మనిషెత్తున ఉన్నాయి. దిగవు.

కెజియా రాయి పాత పల్లం దగ్గర ఆగింది. బ్యాగ్‌ని పట్టీ నడిమికి విసిరి, ఒక అంచు పట్టుకుని పక్కన నేల మీద బోర్లా పడుకుంది.

విమానం ఆమె దగ్గరికి వచ్చింది. చక్రాలు నేలని తాకలేదు.

ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది. దానిలో నాకు అన్నీ కనబడ్డాయి. కెజియా కాలికి అంటిన ఎర్రమట్టి. పట్టీ పక్కన సేజ్ పొద మీద మంచు. ఎల్డన్ రాయి మీద వాలిపోయి, తల ఎత్తకుండా అలాగే ఉండిపోవడం.

ఇంజన్ గర్జించింది. తెల్ల విమానం ఎడమ రెక్క దించి, ఎవరో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పినట్టు తిరిగి, కిటికీలోకి దూరి వెళ్ళిపోయింది.

చప్పుడు కొండల్లో కాసేపు తిరిగి సద్దుమణిగింది. తర్వాత ఏమీ లేదు. గాలి కూడా పడిపోయింది. అసలు ఎవరూ రాలేదేమో, ఇదంతా నా చాక్లెట్ పాల ఆవిరిలో కనబడిందేమో అనిపించింది.

కాసేపటికి తుమ్మెద మళ్ళీ మొదలైంది. ఈసారి ఆర్వల్ మొహమాటపడలేదు. బ్యాగ్‌కి ఎంతో ముందే చక్రాలు నేలకి కొట్టి, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ దిగాడు.

* * *

"నడిరోడ్డు మీద నాకు పక్క వేసిందెవరు?" అంటూ దిగాడు. పెద్ద టోపీ, చంకలో రేకు పెట్టె. "నా పెళ్ళిరోజున కూడా ఇంత మర్యాద జరగలేదు. ఇవిగో, మా ఆవిడ మెల్బా చేసిన దాల్చినచెక్క రొట్టెలు. వేడి తగ్గకముందే ఇచ్చిరమ్మని పొద్దున్నే తరిమేసింది. ఏంటి, అందరూ అలా ఉన్నారు?"

కెజియా మట్టి దులుపుకోలేదు. ఆమె చెయ్యి ఇంకా బ్యాగ్ అంచునే పట్టుకుని ఉంది. "ఆర్వల్ తాతా, మొదటిసారి వచ్చినప్పుడు దేన్ని చూస్తున్నారు?"

"తాత అనొద్దన్నానా? నా విమానం వింటే సిగ్గుపడుతుంది. దేన్ని చూస్తాను? రాయిని. దూరంగా ఉంది, ఇంకా వ్యవధి ఉంది అనుకుంటున్నా. ఒళ్ళో రొట్టెలు వెచ్చగా ఉన్నాయి, కల్లో ఉన్నట్టే ఉంది. ఇంతలో ముక్కు కిందే నారింజ రంగు! నేను ఆలోచించలేదమ్మా. చెయ్యే ఇంజన్‌ని తోసింది." నవ్వుతూ అంటున్నవాడు వెనక్కి తిరిగి చూశాడు. రాయిని చూశాడు. బ్యాగ్ పడి ఉన్న చోటు చూశాడు. ఆ రెంటి మధ్యనున్న నేలని చూశాడు. చివరికి, బహుశా జీవితంలో మొదటిసారి, గోడని చూశాడు.

టోపీ తీసేశాడు.

"మెల్బాకి చెప్పకండి" అన్నాడు మెల్లగా. "నన్ను మళ్ళీ గొర్రెల మధ్యకి తోలేస్తుంది."

ఎవరూ రొట్టెలు ముట్టుకోలేదు. దాల్చినచెక్క వాసన మాత్రం మా మధ్య తిరుగుతోంది, ఏమీ తెలియని పిల్లలా.

"ఎవరు?" అన్నాడు ఆర్వల్.

మళ్ళీ అందరి కళ్ళూ గ్రేడీ మీదికే వెళ్ళాయి. పాపం, కొత్త మనిషి అతనొక్కడే. అతను వెళ్ళి పొయ్యి ఆర్పి, కాఫీ మట్టిలో పారబోసి, సామాను విమానంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు.

కెజియా అతని వెనకే వెళ్ళింది. "రాయి గోడవైపు జరిగింది. అంటే నేను ఎంత బాగా పరుగెత్తినా రాయి దగ్గరికి వేగం రాదు. నేను ఆపేయాల్సిందే. ఎవరో నన్ను లేవనివ్వకూడదనుకున్నారు. నేను ఆగిపోతే మీకేంటి గ్రేడీ గారూ?"

గ్రేడీ సంచి కింద పెట్టాడు. కోపం లేదు అతని ముఖంలో. అలిసిపోయినట్టున్నాడు.

"అదే నేనూ అడుగుతున్నానమ్మా. నువ్వు ఆగితే నాకేం వస్తుంది? లేస్తే నాకేం పోతుంది? నిన్న సాయంత్రం దాకా నీ పేరే నాకు తెలియదు. నువ్వు లేవడం మీద ఎవరికి ఆశ ఉందో, ఎవరికి భయం ఉందో వాళ్ళని అడుగు."

ఆ మాట తర్వాత నేను నా తమ్ముణ్ణి చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది.

కెజియా కూడా అటు చూడలేదు. అర్థం కాలేదో, అర్థం చేసుకోవడం ఇష్టం లేదో. పసుపు విమానం దగ్గరికి వెళ్ళి, ఈ పరుగు కోసం మెడలో వేసుకున్న తాళం తీసి, రెక్క మీద పెట్టింది. ఎండ అప్పుడే గోడ దిగి వచ్చి ఆ రెక్కని తాకింది. తాళం మెరిసింది.

"నేను ఎగరను" అంది. "ఇవాళే కాదు, ఎప్పుడూ ఎగరను. ఎవరో నాకోసం ఆ రాయిని ముట్టుకున్నారు. ఆర్వల్ తాత నావల్ల పోయేవాడు. నాకొద్దు ఈ విమానం. అత్తా, నన్ను నీ దాంట్లో తీసుకెళ్ళిపో."

ఆర్వల్ ఏదో అనబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎల్డన్ పట్టీ నడుమ, రాయి పక్కన నిలబడి ఉన్నాడు. అరచేతులు గీసుకుపోయి ఉన్నాయి. ఇప్పుడు వాడు నోరు మూసుకుంటే చాలు. గ్రేడీ ఐడహో వెళ్ళిపోతాడు, నింద అతనితో పోతుంది. కూతురు ఇక ఎన్నడూ ఈ అంచు మీదికి పరుగెత్తదు. వాడు కోరుకున్నది, వాడు అడగకుండానే, తాళంతో సహా వచ్చి ఎండలో మెరుస్తోంది.

వాడు మా దగ్గరికి నడిచి వచ్చాడు. రెక్క మీంచి తాళం తీసి కెజియా చేతిలో పెట్టి, ఆ చేతిని మూశాడు.

"గ్రేడీ, నీ సామాను దింపు బాబూ. రాయి జరిపింది నేను. తెల్లారకముందు, మీరందరూ నిద్రలో ఉన్నప్పుడు. కొమ్మతో ఊడ్చింది కూడా నేనే. నువ్వు పడ్డ మాటలకి నేను ఏం చేసినా తీరదు.

ఆర్వల్, నువ్వు వస్తావని తెలుసు. తెలిసీ నాకు గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి ఆ రాయికి రంగు పూస్తున్నాను, రెండువైపులా పూస్తున్నాను, అయినా లేచే ఈ పిల్ల తప్ప దిగే మనిషి ఒకడుంటాడని నా బుర్రకి తట్టలేదు. నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు. మెల్బాకి నేనే వచ్చి చెబుతాను.

కెజ్, ఆ తాళం కింద పెట్టకు. నేను చెప్పేదాకా ఊరుకో. అంచు దాటగానే ఏ విమానమైనా కాస్త మునుగుతుంది, తెలుసుగా. నేల చివర కిందికి పోయి కనబడకుండా పోతుంది, తర్వాత నది మీద పైకొస్తుంది. నేను లెక్కలేనన్ని సార్లు అలా మునిగాను. లోపల కూర్చున్నవాడికి అదేం లేదమ్మా, కడుపులో చిన్న తేలిక, అంతే. కానీ నిరుడు నువ్వు పరుగు మొదలుపెట్టినప్పుడు, నేను మొదటిసారి నేల మీద నిలబడి నా పిల్లని చూశాను. నువ్వు ఆగావు. అందరూ నీ బుద్ధికి చప్పట్లు కొట్టారు. నేను కొట్టింది నీ బుద్ధికి కాదు. నువ్వు మునగలేదని కొట్టాను. అప్పట్నుంచీ నాకు ఒకటే కల. పసుపు రంగు అంచు దాటుతుంది, కిందికి పోతుంది, నేను చూస్తుంటాను, నది మీద ఎండ పడుతుంది, నీళ్ళు కదులుతుంటాయి, ఎంత చూసినా పైకి రాదు.

నువ్వు రాయి మాట వింటావు. నేనే నేర్పాను. అది నమ్ముకునే జరిపాను. నువ్వు ఆగిపోతావు, నేను భుజం తడతాను, విమానంలో బలం లేదులే అంటాను, మళ్ళీ ఎవరూ చూడకుండా రాయి వెనక్కి పెట్టేస్తాను అనుకున్నాను. నీకు బలం లేదనుకుని నువ్వు బతుకంతా తలదించుకుంటావని కూడా తెలుసు. దానికీ సిద్ధపడ్డాను. నిన్న నువ్వు ఇక్కడ దిగడం చూశాను కెజ్. ఈ చల్లటి పొద్దున, ఇంత తేలిక విమానంతో, రాయి తన చోటే ఉంటే నువ్వు లేస్తావు. లేస్తావని తెలిసే జరిపాను."